చెట్టెలుకకీ నాచుకీ పెట్టిన పోటీ

హలో... హలో, వినబడుతోందాండీ? గ్రూపులో ఉన్న అన్నయ్యలకీ వదినలకీ, పొద్దున్నే పువ్వుల బొమ్మలు పంపే పెద్దలకీ, ఎప్పుడూ ఏమీ మాట్లాడకుండా అన్నీ చదివేసే వాళ్లకీ నమస్కారం. నేను తవిటినాయుడిని, ఆఫీసు క్యాంటీన్ తవిటినాయుడిని. టిఫిన్ల హడావిడి అయిపోయింది, పప్పు కుక్కర్‌లో ఉంది, కాస్త తీరిక దొరికింది. వాయిస్ మెసేజ్ పొడుగు ఎక్కువే. టీ పెట్టుకుని కూర్చోండి. ఇది మా ఆఫీసులో జరిగింది. నేను చదివింది ఎనిమిదో తరగతే కాబట్టి పెద్ద మాటలేవైనా వస్తే అవి నావి కావు, ఆఫీసర్లవి.

ముందు మా ఆఫీసు సంగతి చెప్పాలి. మా వైపు కొండలు తిన్నగా సముద్రం ఒడ్డు దాకా వచ్చి ఆగుతాయి. అది చూసి ఎవరో పెద్దాయన ముచ్చటపడి, కొండ మీద జీవుల్నీ సముద్రంలో జీవుల్నీ ఒకే మేడలో పెట్టి చదవాలని ఒక కేంద్రం కట్టించాడు. ఒక వైపు కొండ విభాగం, ఇంకో వైపు సముద్ర విభాగం, మధ్యలో నా క్యాంటీన్. మొదట్లో చాలా జీవులుండేవి. పైనుంచి నిధులు తగ్గినకొద్దీ కొన్నిటిని వదిలేశారు, కొన్ని వాటంతటవే పోయాయి. చివరికి కొండ విభాగంలో ఒక చెట్టెలుకా, సముద్ర విభాగంలో ఒక నాచూ మిగిలాయి.

చెట్టెలుకంటే బియ్యం డబ్బాలో దూరేది కాదండీ. నా బొటనవేలంత ఒళ్లు, ఒంటికంటే పొడుగు తోక. ఆ తోకని కొమ్మకి మెలేసి ఎంత సన్నని రెమ్మ మీదికైనా పాకేస్తుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేసిన చెట్టు తొర్రలో కళ్లు తెరవని పిల్ల దొరికితే, మా నూకరత్నం దూది వత్తితో పాలు పట్టి బతికించింది. నూకరత్నం కొండ విభాగంలో రోజుకూలి మీద పనిచేస్తుంది. ఇంట్లో సంపాదించే చెయ్యి ఆవిడదొక్కటే. పర్మనెంట్ చేస్తారని ఏళ్ల తరబడి ఎదురుచూస్తోంది. ఎలుకని బుల్లోడని పిలుస్తుంది. వాడు పగలంతా కొబ్బరి చిప్పలో ముడుచుకుని నిద్రపోతాడు, చీకటి పడ్డాక లేస్తాడు.

ఇక నాచు. దాన్ని చూసేది డాక్టర్ హైమవతి గారు. సూది మందు డాక్టర్ కాదు, చదువు డాక్టర్. గాజు జాడీలో సముద్రపు నీళ్లు, అందులో చేటంత పెద్ద నాచు, దాని ఒంటి మీద గోధుమ రంగులో నూలుపోగుల గుత్తిలాంటిది ఇంకో నాచు. ఆ చిన్నదే ఆవిడ చదువంతా. అది పెద్దదాని ఒంట్లోకి వేళ్లలాంటివి దించి, దాని తిండి తాగేస్తుందట. ఆవిడ ఒకరోజు కాఫీకి వచ్చి, దీనికి తనంతట తాను బతకడం రాదు నాయుడు గారూ అన్నారు. మా బంధువుల్లో కూడా ఉన్నారు మేడం అన్నాను.

ఇలా ఉండగా పైనుంచి ఒక ఆర్డర్ వచ్చింది. ఆ మధ్య రాజధానిలో ఎవరికో డాష్‌బోర్డు పిచ్చి పట్టింది. రాష్ట్రంలో ఉన్న జీవులన్నిటి వివరాలూ కంప్యూటర్‌లో పోశారు. మా వాళ్లు కూడా పంపారు. చెట్టెలుక: రంగు గోధుమ, పరిమాణం చిన్నది, నివాసం మొక్కల మీద. నాచు: రంగు గోధుమ, పరిమాణం చిన్నది, నివాసం ఇంకో మొక్కలాంటి దాని మీద. కంప్యూటర్ రెండిటినీ చూసి టింగుమని ఎర్ర లైటు వెలిగించింది. ఒకే ఆఫీసులో ఒకే పనికి ఇద్దరున్నారని దాని అభిప్రాయం.

ఆర్డర్‌ని డైరెక్టర్ గారు క్యాంటీన్‌లోనే చదివారు, మీటింగ్ హాలు కప్పు కారుతోంది కాబట్టి. "ఒకే స్వభావము గల రెండు జీవులను ఒకే కేంద్రమునందు పోషించుట ప్రజాధన దుర్వినియోగమగును. కావున సదరు జీవులను తులనాత్మకముగా మూల్యాంకనము గావించి, వెనుకబడిన జీవి యొక్క విభాగమును సిబ్బందితో సహా మూసివేయవలెను." నేను గ్లాసులు కడుగుతూ విన్నాను. మిగతాది నాకు సగమే అర్థమైంది కానీ, సిబ్బందితో సహా అన్నది మాత్రం పూర్తిగా అర్థమైంది.

హైమవతి గారు లేచి నిలబడ్డారు. "సార్, ఒకటి జంతువు. ఇంకోటి సరిగ్గా మొక్క కూడా కాదు. ఒకటి పాలు తాగి పెరిగింది, ఇంకోటి పక్కదాన్ని తాగి పెరుగుతోంది. వీటిని దేంతో కొలిచి పోలుస్తాం?"

మా డైరెక్టర్ సదాశివమూర్తి గారు మంచి మనిషి. ఎవరేం చెప్పినా పరిశీలిద్దాం అంటారు. ఒకసారి నా పొయ్యి పైపు అంటుకుని మంటలు లేస్తే గుమ్మంలో నిలబడి కూడా అదే మాట అన్నారు. ఇప్పుడు కాసేపు ఆలోచించి, "తేడా ఉందని మీరే అంటున్నారు కదమ్మా. తేడా ఉంటేనే కదా పోల్చడం. రెండూ ఒకటేనని పైవాళ్లు అన్నారు, కాదని మీరంటున్నారు. రెండూ పరిశీలిద్దాం," అన్నారు.

మీటింగ్ అయ్యాక నూకరత్నం వంటగదిలోకి వచ్చింది. ఎవరో చెప్పినట్టున్నారు, మొహం వాడిపోయి ఉంది.

"నాయుడన్నా, నాకు అరదం కానేదు. ఎలక ఓడిపోతే ఎలకనే తీసేత్తారా, నన్ను కూడా తీసేత్తారా?"

విభాగం మూస్తే ఇద్దరూ పోయినట్టేనమ్మా అన్నాను. ఆవిడ జామకాయ ముక్క ఒకటి అడిగి తీసుకుని, "అయితే ఆడు ఓడకూడదు," అనుకుంటూ వెళ్లింది.

రెండిటినీ పోల్చడానికి పైనుంచి కమిటీ వచ్చింది. ఛైర్మన్ నరహరిరావు గారు గిడ్డంగుల శాఖలో రిటైరైన పెద్దమనిషి. జీవితమంతా బియ్యం బస్తాని బియ్యం బస్తాతో పోల్చారు. పోల్చడంలో ఆయనకున్న అనుభవం చూసే వేశారట. ఆయన వెంట ప్రణీత్ అని ఒక కన్సల్టెంట్ కుర్రాడు, మెళ్లో తాడూ తాడుకి కార్డూ చేతిలో పలకలాంటి కంప్యూటరూ. వారం రోజుల పని అన్నారు. గెస్ట్‌హౌస్‌లో దిగారు. కమిటీ వారి భోజన వసతులు సదరు కేంద్రమే చూడవలెనని ఆర్డర్ అడుగున ఉంది, అంటే నేను చూడాలని. ఛైర్మన్ గారు దిగిన వెంటనే చేసిన మొదటి విచారణ, పెసరట్టులో అల్లం తరిగి వేస్తారా దంచి వేస్తారా అని.

మొదటి పరీక్ష హాజరు. ఆఫీసు వేళకి అందరూ రెండు గదులకీ వెళ్లారు. జాడీలో నాచు ఉంది. చిప్పలో బుల్లోడు తోక మొహానికి చుట్టుకుని గాఢనిద్రలో ఉన్నాడు. ప్రణీత్ ఫొటో తీస్తే కళ్లు మూసి ఉన్నాయి, హాజరు మెషీన్ ఒప్పుకోలేదు. నాచుకి కళ్లే లేవు కాబట్టి ఆ గడి దానికి వర్తించదని వదిలేశారు.

నూకరత్నం చేతులు జోడించింది. "పగలు పడుకుంతాది బాబూ. సీకటడ్డాక లేత్తాది. దాని పుటకే అంత."

"నైట్ డ్యూటీకి అనుమతి పత్రము ఉన్నదా?" అని ఛైర్మన్ గారు అడిగారు.

అడవిలో ఎలుకలకి అనుమతి పత్రాలివ్వరని హైమవతి గారు అడ్డుపడబోతే, అందుకే అడవులు అలా ఉన్నాయని ఆయన అన్నారు. చెట్టెలుక: విధులకు హాజరై నిద్ర. నాచు: పూర్తి హాజరు.

రెండో పరీక్ష ఎక్కడం. ఇందులోనైనా మనవాడు గెలుస్తాడని నేను కూడా గరిట వదిలేసి వచ్చాను. ముంగిట్లో రెండు వెదురు గడలు పాతారు. ఒకదాని మొదట్లో బుల్లోడిని వదిలారు, రెండోదాని మొదట్లో జాడీ పెట్టారు. ప్రణీత్ ఈల ఊదాడు. ఆ ఈలకి బుల్లోడు ఉలిక్కిపడి లేచి, గడ చివరికి ఎప్పుడు చేరాడో మేం చూడనే లేదు. పైన తోక మెలేసుకుని కూర్చుని మమ్మల్ని చూశాడు. వంటగది వాళ్లంతా చప్పట్లు కొట్టాం. నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. జాడీ ఉన్నచోటే ఉంది.

ఎలుక ఎండకి తాళలేక కిందికి దిగి నూకరత్నం జాకెట్ చేతిలో దూరింది. అంతా అయ్యాక కూడా ఛైర్మన్ గారు జాడీనే చూస్తున్నారు, నాచుకి కూడా సమాన అవకాశం ఇవ్వాలి కదా అని. మధ్యాహ్నం భోజనాల వేళ దాకా ఇచ్చారు. తర్వాత నా బెంచీ మీద కూర్చుని, పప్పుచారు చల్లారుతుండగా ప్రణీత్ చేత రాయించారు.

"సదరు చెట్టెలుక పైకి ఎక్కినది. అయితే మరల దిగినది. కావున నికర పురోగతి శూన్యము. సదరు నాచు ఎక్కలేదు, దిగలేదు. నికర పురోగతి శూన్యము. అనగా ఫలితము సమానము. అయితే ఇట్టి ఫలితమును సాధించుటకు చెట్టెలుక జామకాయ ముక్క వినియోగించినది. నాచు ఏమియు వినియోగించలేదు. కావున నాచు సామర్థ్యము మెరుగు."

ప్రణీత్ అది విని, ఇది చాలా మంచి ఇన్‌సైట్ సార్ అన్నాడు. ఛైర్మన్ గారు ఇంకో అప్పడం అడిగారు.

ఆ సాయంత్రం నుంచి నూకరత్నం ఊరుకోలేదు. ఎలుక గది కిటికీలన్నిటికీ నల్ల టార్పాలిన్ కట్టి పగటిని చీకటి చేసింది. చీకటి పడ్డాక గదిలో పెద్ద బల్బు వేసి వదిలేసింది. కొన్నాళ్లు అలా చేసేసరికి బుల్లోడి లెక్క తిరగబడింది. ఆఫీసు వేళకి చిప్పలోంచి బయటికొచ్చి గోడలన్నీ ఎక్కడం మొదలుపెట్టాడు. ఆవిడ పరుగెత్తుకెళ్లి కమిటీని పిలుచుకొచ్చింది. సూడండి బాబూ, ఇప్పుడు ఆఫీసు టైముకే లేత్తన్నాడు అని చూపించింది. ఆవిడ ఉద్యోగం నిలిచిందనే నాకు కూడా అనిపించింది.

ఛైర్మన్ గారు గుమ్మం దగ్గర నిలబడి ముక్కుకి రుమాలు పెట్టుకుని చూశారు. రాయించారు: "చెట్టెలుక పగటిపూట మేలుకొనగలదని ఇందుమూలముగా రుజువైనది. అనగా ఇంతకాలము ఉద్దేశపూర్వకముగానే నిద్రించినది."

నూకరత్నం నా వైపు చూసింది. నేను నేలకేసి చూశాను.

వారం ఎప్పుడో దాటింది. కమిటీ గడువు పెరిగింది, మళ్లీ పెరిగింది. ఛైర్మన్ గారి బావమరిది కుటుంబంతో సహా సముద్ర స్నానాలకి వచ్చి కమిటీకి ప్రత్యేక ఆహ్వానితుడయ్యాడు. ప్రణీత్ నా రెండు బెంచీల్లో ఒకదాన్ని ఆఫీసు చేసుకున్నాడు. పొద్దున్న ఇడ్లీ, పదకొండింటికి బజ్జీ, మధ్యాహ్నం చేపల పులుసు, చేప తినని వాళ్లకి పనసపొట్టు కూర. నా పొయ్యి చల్లారింది లేదు. రోజూ తినే మా స్టాఫ్ గుమ్మం బయట నిలబడి తినేవారు.

ఒకరోజు హైమవతి గారు ఇక లాభం లేదనుకుని అసలు సంగతి విడమరిచి చెప్పారు. ఇది పరాన్నజీవి సార్, దీని బతుకంతా పక్కదాని మీదే అని. ఛైర్మన్ గారు కాఫీ కప్పు కింద పెట్టారు.

"అనగా సొంత ఖర్చు లేదు?"

"లేదు సార్. అంతా పక్కదాని ఒంట్లోంచే."

"పక్కదాని నుండి ఫిర్యాదు ఏమైనా వచ్చినదా?"

"నాచు ఎలా ఫిర్యాదు చేస్తుంది సార్?"

"ఫిర్యాదు లేదు," అని రాయించారు. తర్వాత మెచ్చుకోలుగా తలాడిస్తూ, ఇతర వనరులను సమీకరించుటలో విశేష ప్రతిభ, ఆతిథ్య సంస్థతో దీర్ఘకాలిక భాగస్వామ్యము అని కూడా రాయించారు. ఆయన కంఠంలో అంత ఆప్యాయత నేను పెసరట్టు గురించి తప్ప ఎప్పుడూ వినలేదు.

జాడీని దగ్గరగా చూద్దామని వెళ్లింది ఆ ఆప్యాయతతోనే. వంగి చూసి, ఈ పెద్దది ఎవరు అన్నారు. ప్రణీత్ పలకలో వెతికాడు. పోటీలో ఉన్నవి రెండే జీవులు. మూడోది ఏ జాబితాలోనూ లేదు. ఎవరి అనుమతితో ప్రభుత్వ జాడీలో ఉంటోంది, ఇంత చోటు ఎందుకు ఆక్రమించింది, మన నాచుని తన మీద ఎందుకు కూర్చోబెట్టుకుంది, దీని ఉద్దేశం ఏమిటి అని ప్రశ్నలు మొదలయ్యాయి.

హైమవతి గారు జాడీ మీద చెయ్యి అడ్డం పెట్టారు. "సార్, చిన్నది దాని మీదే బతుకుతోంది. దాన్ని తీస్తే ఇది చచ్చిపోతుంది."

"ఇంతటి ప్రతిభ గల జీవి ఇతరుల మీద ఆధారపడి ఉన్నదనుట దాని ప్రతిష్ఠకు భంగకరము," అన్నారు ఛైర్మన్ గారు.

డైరెక్టర్ గారి వైపు చూశాం. పరిశీలిద్దాం అన్నారు. ఆ మాట ఆయన నోట్లో ఉండగానే ప్రణీత్ వచ్చి నా ఇడ్లీల పట్టకారు తీసుకెళ్లాడు. అనధికార నివాసిని తొలగించారు. చిన్న నాచుని దాని మీదనుంచి జాగ్రత్తగా గీకి, స్వతంత్రంగా బతకమని జాడీలో వదిలారు. పట్టకారు నాకు తిరిగిచ్చేశారు. మళ్లీ దాన్ని ఇడ్లీలకి వాడలేదు లెండి, కంగారుపడకండి.

కొద్ది రోజుల్లోనే నాచు తెల్లబడింది, తర్వాత గంజిలా కరిగింది, తర్వాత జాడీలో నీళ్లే మిగిలాయి. అప్పటికే నాచు గెలిచినట్టు రిపోర్టు పైకి వెళ్లిపోయింది. గెలిచింది చచ్చిపోయిందని రాయాలంటే ఎందుకు చచ్చిందో కూడా రాయాలి. అందుకని ఎవరూ రాయలేదు. నాచు ఇప్పుడు మునుపటికంటే ప్రశాంతంగా ఉందని కమిటీ గమనించింది. హైమవతి గారు మాత్రం, నాచు క్షేమం అని సంతకం పెట్టనన్నారు. ఆ వారంలోనే ఆవిడని గిడ్డంగుల శాఖకి బదిలీ చేశారు. వెళ్లే ముందు క్యాంటీన్‌కి వచ్చి, కాఫీ సగమే తాగి, జాగ్రత్త నాయుడు గారూ అని వెళ్లిపోయారు.

విజయోత్సవం జరిగింది. ఖాళీ జాడీకి శాలువా కప్పారు. శాలువా జారిపోతుంటే ప్రణీత్ పట్టుకుని నిలబడ్డాడు. నిరాడంబరత, నిలకడ, మౌనం ఈ మూడూ నాచు నుంచి మనమంతా నేర్చుకోవాలని ఛైర్మన్ గారు మాట్లాడారు. ఓడిపోయిన విభాగం గదిని గెలిచిన జీవికి కేటాయించారు. అలా జాడీ వెళ్లి, కిటికీలకి టార్పాలిన్ కట్టిన ఆ చీకటి గదిలో కూర్చుంది. చెట్టెలుకని నిరుపయోగ సామగ్రి కింద వేలం వేశారు. విరిగిన కుర్చీలు అమ్ముడయ్యాయి, ఎలుకకి పాట రాలేదు. రికార్డుల నుండి తొలగించడమైనది అని రాసి ముగించారు. రికార్డులో లేనిది ఎక్కడుందో అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. అది నూకరత్నం జాకెట్ చేతిలో ఉంది.

ఆవిడ ఆఖరి రోజున సామాన్లు సర్దుకుంటుంటే డైరెక్టర్ గారు పిలిపించారు. నాచు విభాగానికి ఇప్పుడు చూసుకునే మనిషి లేదు. పనేమీ ఉండదు, రోజూ పొద్దున్న డాష్‌బోర్డు వాళ్లకి ఫోన్ చేసి నాచు క్షేమం అని చెప్పాలి. చెబితే ఉద్యోగం ఉంటుంది. పర్మనెంట్ ఫైలు కూడా పరిశీలిద్దాం అన్నారు.

ఆవిడ తిన్నగా నా దగ్గరికి వచ్చింది. పొయ్యి పక్క పీట మీద కూర్చుంది.

"సచ్చిపోయినదాన్ని బతికుందని రోజూ సెప్పాలంట అన్నా. నా నోటితో."

అందరూ చెబుతున్నారు కదమ్మా అన్నాను.

"ఆళ్లు సదూకున్నోళ్లు, సెప్పగల్రు. నాకు నోరాడదు. సెప్పకపోతే ఇల్లు గడవదు. ఏటి సెయ్యమంతావు?"

ఒక కప్పు టీ ఇచ్చాను. ఆవిడ టీ తాగుతుండగా జాకెట్ చేతిలోంచి బుల్లోడు తల బయటపెట్టి, ఆవిడ భుజం మీదికెక్కి, అక్కణ్నుంచి నా గరిటెల తీగ మీదికెక్కి, ఆ చివరినుంచి ఈ చివరికి నడిచాడు. ఆవిడ వాడిని చూస్తూ టీ కప్పు కింద పెట్టి లేచింది.

మర్నాడు పొద్దున్న ఆవిడ చేసిన ఫోన్ నేను విన్నాను. "అయ్యా, గదిలో ఉన్నోడు కులాసాగున్నాడు. తిన్నాడు, తిరిగాడు." అటువైపు వాళ్లు సరే అని రాసుకున్నారు. కొబ్బరి చిప్ప మళ్లీ పాత మేకుకే వేలాడుతోంది. జాడీలో సముద్రపు నీళ్లు తీసేసి కుళాయి నీళ్లు పోసింది, వాడికి తాగడానికి పనికొస్తాయని. అబద్ధం ఆడలేదు, పని పోగొట్టుకోలేదు, ఎలుకనీ పోగొట్టుకోలేదు. నేనైతే అంత దూరం ఆలోచించలేకపోయేవాడిని.

అక్కడితో అయిపోయేది. కానీ గెలిచిన నాచుని రాజధానిలో అందరూ చూడాలని డాష్‌బోర్డు వాళ్లు ఆ గదిలో కెమెరా పెట్టించారు. ఆ చీకట్లో కెమెరాకి కనబడేదేముంది, గోధుమ రంగు మరక ఒకటి. ఆ మరక ఒక మధ్యాహ్నం జాడీ అంచు దాటింది. గోడ ఎక్కింది. కెమెరా వైరు పట్టుకుని పైకప్పు దాకా వెళ్లింది.

రాజధాని నుంచి డైరెక్టర్ గారికి ఫోన్. మీ నాచు ఎక్కుతోంది, అభినందనలు అని. డైరెక్టర్ గారు అలవాటు కొద్దీ పరిశీలిద్దాం అని, తర్వాత చెమట తుడుచుకున్నారు. ఛైర్మన్ గారు మాత్రం కంగారు పడలేదు. "తన మీద నమ్మకము ఉంచినచో ఎవరైనా ఎదుగుదురు," అన్నారు. వెనకాల తోకలా కనబడేది ఏమిటని ప్రణీత్ అడిగితే, నాచుకి తీగలుండటం సహజమేనన్నారు. ఒకసారి గదిలోకి వెళ్లి చూద్దామా సార్ అన్నాను నేను, కాఫీ ఇస్తూ. డాష్‌బోర్డులో కనబడుతున్నదాన్ని గదిలోకి వెళ్లి చూడటం వ్యవస్థ మీద అవిశ్వాసమన్నారు. అదీగాక అక్కడ వాసన.

ఎక్కే నాచుని క్షుణ్ణంగా అధ్యయనం చేయడానికి కమిటీ గడువు ఇంకో ఏడాది పెంచారు. బావమరిది గారు స్కూటర్ తెప్పించుకున్నారు. ఛైర్మన్ గారు గెస్ట్‌హౌస్ ముందు కనకాంబరాలు నాటించారు. కనకాంబరాలు నాటారంటే ఇక కదలరని నాకు అర్థమైంది. ఇది నూకరత్నానికి కూడా ప్రమాదమే. ఏడాది పాటు ఇన్ని కళ్లు ఇక్కడే ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో ఒకరికి పొరపాటున అయినా గది తలుపు తియ్యాలనిపిస్తుంది. ఆ రోజు ఆవిడ ఉద్యోగమూ పోతుంది, బుల్లోడూ పోతాడు.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతుంటే మూల పడేసిన పాత ఇడ్లీల పట్టకారు కంటబడింది. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. హైమవతి గారు చెప్పిన మాట గుర్తొచ్చింది. దీనికి తనంతట తాను బతకడం రాదు నాయుడు గారూ. ఆ నాచుని ఎవరూ చంపలేదు, తిట్టలేదు, బదిలీ చెయ్యలేదు. కింద ఉన్నదాన్ని పక్కకి తీశారు, అంతే.

మర్నాడు క్యాంటీన్ తలుపుకి తాళం వేసి, గ్రైండర్ రిపేరు అని అట్ట ముక్క మీద రాసి కట్టాను. స్టాఫ్‌కి ముందే చెప్పాను, వాళ్లు ఇళ్లనుంచి క్యారియర్లు తెచ్చుకున్నారు. మా ఆఫీసు దగ్గర ఇంకో హోటల్ లేదు, పెద్ద రోడ్డు దాకా పోవాలి. ఛైర్మన్ గారు పెసరట్టు వేళకి వచ్చి అట్ట ముక్క చదివి, గ్రైండర్ అవసరం లేని వంటకాలేవో ఉంటాయి కదా అన్నారు. కుక్కర్ కూడా రిపేరేనన్నాను. మధ్యాహ్నం బావమరిది స్కూటర్ మీద తిరిగి అరటిపళ్లు తెచ్చాడు. సాయంత్రం ఛైర్మన్ గారు డైరెక్టర్ గారికి ఫిర్యాదు చేశారు. జన్మలో మొదటిసారి ఆ మాట నాకు పనికొచ్చింది. ఆయన పరిశీలిద్దాం అన్నారు.

రెండో రోజు మధ్యాహ్నానికల్లా సూట్‌కేసులు వరండాలోకి వచ్చాయి. అధ్యయనము మిక్కిలి సంతృప్తికరముగా ముగిసినందున అని కాగితం ఇచ్చి కారెక్కారు. ప్రణీత్ వెళుతూ వెళుతూ, అంకుల్ ఆ బజ్జీ ఎలా చేస్తారు అని అడిగాడు. చిన్నవాడు, వాడి మీద కోపమేమీ లేదు. చెప్పాను.

కారు మలుపు తిరిగాక తాళం తీసి గ్రైండర్ స్విచ్ వేశాను. నూకరత్నం గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు విని అడిగింది.

"ఏటన్నా, గ్రైండరు బాగానే ఉన్నాదే?"

"పరిశీలిస్తున్నానమ్మా," అన్నాను.

ఇదండీ సంగతి. ఆ చీకటి గదిలో నాచు రోజూ గోడ ఎక్కుతోంది, దిగుతోంది. రాజధానిలో దాని గ్రాఫు కూడా పైకే పోతోందట. హైమవతి గారు గిడ్డంగి నుంచి నిన్న మెసేజ్ పెట్టారు, ఇక్కడ బస్తాలో బియ్యాన్నీ బియ్యంలో పురుగునీ పోల్చమంటున్నారు, పురుగు ముందుంది అని. నూకరత్నం ఫైలు మాత్రం కదల్లేదు. కూలి మీదే ఉంది, కానీ ఉంది. పొద్దున్న ఫోన్ చెయ్యడం మానలేదు.

నచ్చితే ఈ కథ మీ గ్రూపుల్లో పంపండి. మేనత్తల గ్రూపు, పెళ్లి వంటల గ్రూపు, అపార్ట్‌మెంటు గ్రూపు, ఎక్కడైనా సరే. మీ చుట్టుపక్కల వారం పనిమీద వచ్చి పూలమొక్కలు నాటుతున్న వాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లకి వంటచేసి పెట్టే మనిషికి మాత్రం తప్పకుండా పంపండి. ఒక్క మాట, మా డైరెక్టర్ గారున్న గ్రూపులో పెట్టకండి. ఆయన పరిశీలిస్తారు. పప్పు ఉడికినట్టుంది, కుక్కర్ కూస్తోంది. గదిలో ఉన్నోడు కులాసాగున్నాడు. ఉంటానండీ.